డ్రోన్ కిందికి దించండి

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైమంతా అక్కడే అయిపోతుంది, మన్నించాలి. నేను నెల్లూరులో పెళ్లి వీడియోలు తీసి బతికినవాణ్ణి. షాట్ల రకాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ, ముందు నా కడుపుమంట వినండి.

ఈ మధ్య ఒక షార్ట్ ఫిల్మ్ పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. ఎవరు పెట్టారో చెప్పను. సగం సినిమాల్లో మొదటి షాట్ ఒకటే. మైపాడు బీచ్ మీద డ్రోన్! అలలు, పడవలు, ఇసుకలో చీమంత హీరో. వాడు ఏడుస్తున్నాడట. డైలాగు వింటేగానీ నాకు తెలియలేదు, మొహం కనిపిస్తేగా! అదేంటయ్యా అంటే, "సార్, డబ్బులన్నీ డ్రోన్ అద్దెకే అయిపోయాయి" అన్నారు. మొదటి బహుమతీ దానికే.

ఇంకో సంగతి. స్క్రిప్టులో 'సముద్రంలో సూర్యాస్తమయం' అని రాస్తారు. అబ్బయ్యా, మనది తూర్పు తీరం! సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, పొలాల వైపు దిగుతాడు. తెల్లారగానే వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి కెమెరా నిలబెట్టండి. ఎదురుగా ఉన్నవాడి మొహం మీద ఎండ పడుతుంది, లైటు అద్దె మిగులుతుంది.

సరే, షాట్లు. మనిషి ఎక్కడున్నాడో చెప్పడానికి వైడ్, అంటే చుట్టుపక్కలంతా కనిపించే షాట్. ఒకసారి చెప్పాక చాలు. ట్రంకు రోడ్డులో టీ కొట్టు దగ్గర ఇద్దరు స్నేహితులు అప్పు గురించి మాట్లాడుకుంటున్నారనుకోండి. ఒకడి నుంచి ఇంకొకడి దాకా మనసులో ఒక గీత గీసుకోండి. కెమెరా ఎప్పుడూ దానికి ఒక పక్కనే ఉండాలి. దాటారా, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకే వైపు చూస్తున్నట్టు వస్తుంది. అప్పిచ్చినవాడి భుజం మీదుగా తీసుకున్నవాణ్ణి చూపించండి. వాడు "వచ్చే నెల ఇచ్చేస్తా" అంటాడు. అప్పుడు మొహానికి వెళ్లకండి. టీ గ్లాసు అంచు చుట్టూ తిరిగే వాడి వేలు తీయండి. అబద్ధం అక్కడుంది. మొహం క్లోజప్ ఆ తర్వాత, అది కూడా ఒక్కసారే. ఫోనుతో తీస్తుంటే జూమ్ చేయకండి, మీరే రెండడుగులు ముందుకు జరగండి.

వెనక బెంచీలో ఫోను చూస్తున్న అమ్మాయీ, లోపల పెట్టకు, పైకెత్తు! పక్కనున్న పిల్ల మొహం తీయి. మోచేతులు బల్లకు ఆనించు, ఊపిరి బిగబట్టు, కదలకు. చూశారా, ఆ పిల్లకు నవ్వాగలేదు. కెమెరా ఊగకుండా పట్టుకునే గింబల్ లేకుండానే వచ్చింది కదా?

ట్యూబులైటు కింద చారలు వస్తే కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాంతోపాటు లైటూ మినుకుతుంది. కెమెరా సెట్టింగుల్లో సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), షట్టర్ సెకనులో 1/50 వంతు పెట్టుకోండి, చారలు పోతాయి. బీచ్‌లో ఫోను మైకును నమ్మొద్దు, గాలి హోరు తప్ప ఏమీ రాదు. రెండో ఫోనులో రికార్డింగ్ నొక్కి నటుడి చొక్కా లోపల పెట్టండి. మొదట్లో ఒక చప్పట కొడితే, ఎడిటింగులో దాన్ని బట్టి బొమ్మకీ మాటకీ జత కుదురుతుంది.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క విన్నపం. డ్రోన్‌కు ఒక రోజు పెట్టే అద్దెతో మామూలు ట్రైపాడ్, కాలర్ మైకు వచ్చేస్తాయి. కాలేజీకి కొనివ్వండి, బిల్లు నేను తెచ్చిస్తా. వచ్చే పోటీలో జడ్జీలు డ్రోన్ చూసి మార్కులు వేయకుండా మీరే అడ్డుపడండి. పిలకాయలూ, భోజనాలయ్యాక గేటు దగ్గరికి రండి, ఆ టీ కొట్టు సీను తీద్దాం. టీ ఖర్చు సార్‌ది.