గంధం మరక, ఘాట్ మలుపులు: మా పాప కార్ సీటు రివ్యూ

నమస్తే అండి. ఈ సీటు మీద పసుప్పచ్చ మరక కనిపిస్తోందా? పోయిన వారం కొండ మీద మా పాపకు గుండు చేయించాం. తలకు రాసిన గంధమంతా తిరుపతికి దిగేసరికి ఇక్కడ అంటుకుంది. రెండుసార్లు ఉతికినా పోలేదు. నాలుగు నెలలుగా వాడుతున్న సీటు, నా డబ్బుతో కొన్నదే.

ముందు రూలు చెప్పేస్తా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలకు కారులో సీటు బెల్టో, చైల్డ్ సీటో ఉండాల్సిందే. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది. జరిమానా సంగతి సరే, నా గొడవంతా మా అమ్మతోనే.

"బిడ్డను అట్ల కట్టేస్తే ఎట్లరా, నా ఒళ్లో పడుకోబెట్టు" అనేది. 50 స్పీడులో దేన్నైనా గుద్దితే, 11 కిలోల పాప ఆ క్షణంలో వంద కిలోలకు పైగా బరువుతో ముందుకు లాగుతుంది. చెప్తే నమ్మలేదు. పది లీటర్ల నీళ్ల క్యాను ఒళ్లో పెట్టి, బెల్టు వేయించి, ఖాళీ మైదానంలో మెల్లగా పోతూ బ్రేకు కొట్టా. క్యాను పోయి ముందు సీటుకు తగిలింది. ఇక మాట్లాడలేదు.

మా కారు పాతది, చైల్డ్ సీటును నేరుగా కారుకే తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు లేవు, బెల్టుతోనే బిగించాలి. చూడండి, మోకాలు సీట్లో ఆనించి, బరువంతా వేసి బెల్టు లాగుతున్నా. బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. మొదటి నెల మాది జానెడు ఊగేది! బెల్టు ఏ దారిన పోవాలో చూపించే గుర్తును ఈ గుడ్డ కింద దాచిపెట్టారు మహానుభావులు. పాపను కూర్చోబెట్టాక భుజం దగ్గర పట్టీని ఇలా గిల్లండి. ముడత వేళ్లకు చిక్కిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే.

9 కిలోలు దాటితే ముందుకు తిప్పొచ్చని లేబుల్ మీద ఉంది. నేను తిప్పలేదు. ఈ సీటును 13 కిలోల దాకా వెనక్కి తిప్పి, అంటే పాప ముఖం కారు వెనక వైపు ఉండేలా, ఉంచవచ్చు. చిన్నపిల్లలకు తల బరువు, మెడ లేత. గుద్దుకున్నప్పుడు సీటు వీపే రెండింటినీ కాస్తుంది. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా మాత్రం ఇలా పెట్టకండి, అది తెరుచుకుంటే ప్రాణాలకే ముప్పు.

ఇక ఇబ్బందులు. అలిపిరి చెకింగ్ దగ్గర పాపను విప్పి దించాలి, మళ్లీ కట్టాలి. వెనక హారన్లు. ఆ తొందరలో ఒకసారి బకిల్ టక్‌మనకుండానే బయల్దేరాం, రెండో మలుపులో మా ఆవిడ చూసింది. మన ఎండకు ఆ బకిల్ చురుక్కుమంటుంది, కారు ఆపినప్పుడల్లా తువ్వాలు కప్పుతున్నా. కవరు ఊడి వస్తుంది కాబట్టి ఘాట్‌లో వాంతులైనా పర్లేదు.

ఐసోఫిక్స్ ఉన్న కారైతే ఇది వద్దు, దానికి తగ్గ సీటే తీసుకోండి. మాలాంటి పాత కారుకు చాలు. ఇప్పుడు పాప పక్కన కూర్చుని పట్టీ గిల్లి చూసేది మా అమ్మే.