బాగానే ఉన్నప్పుడు కూడా మాత్రలెందుకు?

అందరికీ నమస్కారం.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు తరచూ ఒక మాట అడుగుతారు: "బాగానే ఉన్నాను కదా డాక్టర్‌గారూ, ఇన్ని మాత్రలు ఇంకెన్నాళ్లు?" ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేసుకోవాల్సిందే. శరీరం కొత్త కిడ్నీపై దాడి చేయకుండా రోగనిరోధక శక్తిని అణిచి ఉంచేవి ఆ మాత్రలే. ఎందుకో చెబుతాను.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒక మనిషి కిడ్నీని అతని కవల సోదరుడికి అమర్చింది. అది నిలిచింది. సర్జన్ల నేర్పు ఒక్కటే కాదు, ఆ ఇద్దరి జన్యువులూ ఒకటే కావడం కలిసొచ్చింది. మిగతావాళ్లకు ఆ అదృష్టం లేదు.

మన కణాలపై హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి దాదాపు మనిషి మనిషికీ మారతాయి. వైరస్ సోకిన కణాలను పట్టుకునే టి కణాలకు (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు) పరాయి హెచ్‌ఎల్‌ఏ కూడా శత్రువులాగే కనిపిస్తుంది. పైగా ఏదో ఒక వైరస్‌ను గుర్తించే టి కణాలు బహుకొద్ది. పరాయి కిడ్నీని చూసి లేచేవి వాటికి ఎన్నో రెట్లు! రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం, అంత ఉధృతంగా రావడానికి అదొక కారణం.

గర్భం, రక్తం ఎక్కించడం, పాత మార్పిడి వల్ల కొందరి రక్తంలో పరాయి హెచ్‌ఎల్‌ఏపై దాడి చేసే యాంటీబాడీలు ముందే తయారై ఉంటాయి. అవి కొత్త కిడ్నీని గంటల్లోనే పాడుచేయగలవు. దాత కణాలతో రోగి రక్తాన్ని ముందే సరిచూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష వచ్చాక ఇది అరుదైపోయింది. మొదటి నెలల్లో టి కణాలు చేసే దాడిని స్టెరాయిడ్లతో చాలావరకు అదుపులోకి తేగలం.

నాకు అసలు టెన్షన్ ఆ తర్వాతే. మాత్రలు అప్పుడప్పుడూ మానేస్తే శరీరం కొత్తగా యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అవి కిడ్నీలోని సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) పెరిగేసరికే కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. దాన్ని వెనక్కి తేవడం మా చేతుల్లో పెద్దగా లేదు.

అలాగని క్రియాటినిన్ పెరిగితే అది రిజెక్షనే అనుకోకండి. ఆ మాత్రల్లో ఒకటైన టాక్రోలిమస్ మోతాదు ఎక్కువైనా పెరుగుతుంది. రోగనిరోధక శక్తిని మరీ అణిచేస్తే బీకే వైరస్ విజృంభించి కిడ్నీని పాడుచేస్తుంది. రిజెక్షన్ అయితే మందు పెంచాలి, వైరస్ అయితే తగ్గించాలి. పొరపడితే కిడ్నీ పోతుంది. "మళ్లీ సూదా?" అని మీరు విసుక్కున్నా మేం బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడటం) అడిగేది ఇందుకే.