నవలలు రాసే ఆవిడే పుస్తకాల షాపు పెట్టారు | మా నాష్‌విల్ శనివారం

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఇక్కడ అమెరికాలో, మా నాష్‌విల్‌లో శనివారం, పొద్దున పది దాటింది. తెనాలి నుంచి మా పిన్ని నెల రోజులుగా ఒకటే గొడవ. "ఎప్పుడు చూసినా వాల్‌మార్ట్, కాస్ట్‌కోనే చూపిస్తావు, మీ ఊళ్ళో ఇంకేం లేవటే?" అని. ఉన్నాయి పిన్నీ. ఇవాళ నీకూ నాన్నకీ నచ్చే చోటుకే తీసుకెళ్తున్నా. పుస్తకాల షాపు. అది పెట్టింది వ్యాపారస్తురాలు కాదు, పేరున్న నవలా రచయిత్రి. పేరు ఆన్ ప్యాచెట్.

మా ఆయనకి ఇవాళ ఆఫీసు పని పడింది, అందుకే నేనూ చిన్నాగాడూ మాత్రమే. మేముండే బెల్‌వ్యూ నుంచి గ్రీన్ హిల్స్‌కి వెళ్ళాలి. కారు నడుపుతూ మాట్లాడుతున్నాను కాబట్టి ఫోను డ్యాష్‌బోర్డు మీద పెట్టాను, కాస్త ఊగితే ఏమనుకోకండి.

షాపు పేరు పార్నాసస్ బుక్స్. ఈ పేరు వెనక ఒక సంగతుంది. నాష్‌విల్‌ని వీళ్ళు "దక్షిణాది ఏథెన్స్" అంటారు. మన తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నట్టన్నమాట. ఏథెన్స్ అని పేరు పెట్టుకుని ఊరుకోలేదు వీళ్ళు. 1897లో టెనెసీ రాష్ట్రం నూరేళ్ళ ఉత్సవాలకి గ్రీకు గుడి పార్థెనాన్‌ని అదే కొలతలతో ఇక్కడ పార్కులో కట్టేశారు. మొన్న చుట్టాలొచ్చినప్పుడు తీసిన క్లిప్ ఇక్కడ పెడుతున్నా, చూడండి, ఆ స్తంభాల పక్కన మా చిన్నాగాడు ఎంతున్నాడో. లోపల 42 అడుగుల ఎథీనా దేవత విగ్రహం, కట్టిన బట్టల నిండా బంగారు రేకు. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు చెప్పులు బయట విడుస్తానంటే సెక్యూరిటీ ఆయన అక్కర్లేదండీ అని నచ్చజెప్పాడు. సరే, ఆ గ్రీసులోనే పార్నాసస్ అని కొండ ఉంది, కావ్యాలకీ సంగీతానికీ అధిదేవతలు అక్కడుంటారని వాళ్ళ నమ్మకం. ఏథెన్స్‌లో పుస్తకాల షాపుకి ఆ కొండ పేరు.

ఇక ఆవిడ గురించి. ఆన్ ప్యాచెట్ 1963లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టారు. నాన్న అక్కడ పోలీసు శాఖలో ఉండేవారు. అమ్మానాన్నలు విడిపోయాక అమ్మ ఇద్దరాడపిల్లల్ని తీసుకుని టెనెసీ వచ్చేశారు. అప్పటికి ఈవిడకి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. బడిలో ఏడాది మధ్యలో వేశారు, చదువు వెనకబడిపోయింది, అక్షరాలు కూడబలుక్కోవడం కూడా అందరికంటే ఆలస్యంగా వచ్చింది. అక్కడ ఒక నన్ పాఠం చెప్పేవారు, ఈ పిల్లకి చదవడం రాయడం నేర్పింది ఆవిడే. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ టీచరూ ఈవిడా స్నేహితులయ్యారు. డెబ్బై దాటిన వయసులో ఆ టీచరు మొదటిసారి ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో కాపురం పెడితే, ఈవిడే దగ్గరుండి ఇంటి సామాను కొనిపెట్టారు. ఇదంతా ఆవిడే ఒక వ్యాసంలో రాసుకున్నారు.

నేను ఆ వ్యాసం చదివి చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయానండీ. మేమూ జనవరిలోనే వచ్చాం కదా, వీడిని ఫస్ట్ గ్రేడ్ మధ్యలో వేశాం. నాలుగు నెలలు బళ్ళో నోరు విప్పలేదు. టీచరు "హి ఈజ్ వెరీ స్వీట్" అని మాత్రం అనేది. ఇంటికొచ్చి "అమ్మా, నాకు అక్కడ మాట రాదు" అనేవాడు. ఇలాంటివి ఫోనులో అమ్మకి చెప్పలేం. చెబితే ఆవిడ రాత్రంతా నిద్రపోదు. అందుకని అన్నీ బావున్నాయనే చెప్తాం.

ఆగండి, సిగ్నల్ పడింది. ఆఁ, చెప్తా.

కాలేజీకి న్యూయార్క్ దగ్గర సారా లారెన్స్‌కి వెళ్ళారు. అక్కడ చదువుతుండగానే 1984లో పారిస్ రివ్యూ పత్రికలో ఆవిడ కథ పడింది. మన దగ్గర ఇంకా డిగ్రీ పూర్తికాని పిల్ల కథ భారతిలో పడితే ఎలా ఉండేదో అలా. తర్వాత అయోవాలో రాయడమే చదువుగా నేర్పే కోర్సు చేశారు, పెళ్ళయింది, ఆ పెళ్ళి ఎక్కువ కాలం నిలవలేదు. పాతికేళ్ళ వయసులో మళ్ళీ నాష్‌విల్‌లో అమ్మ ఇంటికే వచ్చేశారు. పుట్టింటికి వచ్చేయడం ఏ దేశంలోనైనా ఒకటే బాధ, నాకైతే అలా అనిపించింది. ఇంత చదువు చదివి ఒక రెస్టారెంట్లో వెయిట్రెస్‌గా చేరారు. ప్లేట్లు మోస్తూ మొదటి నవల మొత్తం మనసులో అల్లుకున్నారట, ఎవరెవరు, ఏమవుతుంది, ఎలా ముగుస్తుంది అన్నీ. తర్వాత మసాచుసెట్స్‌లో సముద్రం ఒడ్డున ప్రావిన్స్‌టౌన్ అనే ఊళ్ళో రచయితలకిచ్చే ఫెలోషిప్ దొరికింది. ఏడు నెలలు గదిలో కూర్చుని ఆ అల్లుకున్నదంతా కాగితం మీద పెట్టారు. 1992లో పుస్తకం వచ్చింది.

పెద్ద పేరొచ్చింది మాత్రం నాలుగో నవల "బెల్ కాంటో"కి, 2001లో. పెరూ దేశం లిమాలో 1996 డిసెంబరులో జపాన్ రాయబారి ఇంట్లో పార్టీ జరుగుతుంటే తిరుగుబాటుదారులు చొరబడి జనాన్ని బందీలుగా పట్టుకున్నారు, 126 రోజులు సాగింది. ఆ సంగతి టీవీలో చూసి, అందులోకి ఒక ఒపెరా గాయనిని తీసుకొచ్చి కథ చేశారు. ఆవిడకి అప్పటికి ఒపెరా పెద్దగా తెలియదు, నవల కోసమే కూర్చుని విన్నారు, నేర్చుకున్నారు. 2002లో ఆ నవలకి ఇక్కడ పెన్ ఫాక్‌నర్, ఇంగ్లండ్‌లో ఆరెంజ్ బహుమతి, రెండూ వచ్చాయి. ఆవిడ అమ్మ జీన్ రే నర్సుగా పనిచేసి, అరవై దగ్గరపడ్డాక నవలలు మొదలుపెట్టారు. పిన్నీ, వింటున్నావా? నీకింకా టైముంది.

వచ్చేశాం. పార్కింగ్ ఫ్రీ, అదొక అదృష్టం. చూడండి, బయటనుంచి మామూలు షాపుల వరసే. ఆర్భాటం ఏమీ లేదు. లోపల తీయొచ్చా అని కౌంటర్లో అడిగాను, మనుషుల మొహాలు రాకుండా తీసుకోమన్నారు.

నేను చూపించాలనుకున్నది ఇదిగో, ఈ చీటీలు. ప్రతి అరలో పుస్తకం కింద చిన్న అట్టముక్క, దాని మీద చేత్తో రాసి ఉంటుంది. ఇక్కడ పనిచేసేవాళ్ళు చదివి, ఎందుకు నచ్చిందో నాలుగు ముక్కలు రాసి పేరు పెడతారు. ప్రింటు కాదండీ, సొంత దస్తూరీ. ఒకటి ఆకుపచ్చ ఇంకుతో ఉంది, చివరి మాట దగ్గర చోటు చాలక అక్షరాలు పక్కకి ఎక్కేశాయి. నాన్న కూడా ఇలాగే చేసేవాడు. చీటీలు కాదు, నోటితో. ఎవరైనా వస్తే మొహం చూసి, "అది వద్దమ్మా, నీకిప్పుడు ఏడుపు పుస్తకం వద్దు, ఇది తీసుకెళ్ళు" అని ఇచ్చేవాడు.

కొత్తగా చూసేవాళ్ళ కోసం చెప్తున్నా, మా నాన్నకి తెనాలిలో మార్కెట్ దగ్గర సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. నవల రోజుకి రూపాయి, వీక్లీ అర్ధరూపాయి. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, మొదటి పేజీలో ఒకసారి, పదిహేడో పేజీలో ఒకసారి నంబరు. మొదటి పేజీ చింపేసినా పదిహేడో పేజీ పట్టిస్తుందని. టీవీ సీరియళ్ళు వచ్చాక సాయంత్రం పూట ఆడవాళ్ళు రావడం తగ్గిపోయింది. 2004లో షాపు మూసేశాడు. పుస్తకాలు పాత పేపర్లతను తూకానికి తీసుకెళ్ళాడు, కేజీ నాలుగు రూపాయలు. మొత్తానికి 2,300 వచ్చాయి. నేను అప్పుడు ఇంటర్. త్రాసు మీద ఒక్కో కట్ట పెడుతుంటే నాన్న పైన పుస్తకం పేరు చదివేవాడు. మొత్తం అయ్యేదాకా చదువుతూనే ఉన్నాడు.

నాష్‌విల్‌లో కూడా అదే అయింది. అందరికీ ఇష్టమైన పాత షాపు 2010 చివర్లో మూతపడింది, 2011లో ఇంకో పెద్దది పోయింది. రెండూ లాభాల్లో ఉన్నవే, పైనున్న కంపెనీలు మునిగిపోతే ఇవీ పోయాయి. కొత్త నవల రాస్తే చదివి వినిపించడానికి సొంతూళ్ళో షాపు లేదు. పుస్తకాల అమ్మకంలో ఏళ్ళ తరబడి పనిచేసిన కేరెన్ హేస్ అనే ఆవిడ షాపు పెడదామంటే, ప్యాచెట్ డబ్బు పెట్టి భాగస్వామిగా చేరారు. ఆ ఎండాకాలం కొత్త నవల కోసం ఊరూరా తిరుగుతూ, వెళ్ళిన ప్రతి షాపువాళ్ళనీ ఎలా నడుపుతారో అడిగి తెలుసుకున్నారు. 2011 నవంబరులో తెరిచారు. ఈ-బుక్కులొచ్చాయి, ఇంక షాపులెందుకని అందరూ అంటున్న రోజులవి. ఇప్పటికీ నడుస్తోంది.

నాకు ఆవిడ నవలలకంటే ఈ పనే పెద్దదనిపిస్తుంది. అలా అనకూడదేమో, ఆవిడ "డచ్ హౌస్" పులిట్జర్ తుది జాబితా దాకా వెళ్ళింది, 2023లో వైట్‌హౌస్‌లో ప్రెసిడెంట్ చేతుల మీదుగా జాతీయ హ్యుమానిటీస్ పతకం అందుకున్నారు. అయినా నాకు అలాగే అనిపిస్తుంది.

ఇంకోటి చెప్పాలి. ఆవిడ సెల్‌ఫోన్ వాడరు. సోషల్ మీడియాలో సొంత ఖాతా లేదు. కానీ షాపు కోసం వీడియోల్లో కనిపించి, పాత పుస్తకాలు చేత్తో పట్టుకుని, మీరు చదవకపోతే ఇది మీకు కొత్తదే అంటారు. నేను వ్లాగ్ మొదలుపెట్టింది ఒంటరితనం వల్లే, ఇప్పుడు నెలకి కూరగాయల ఖర్చు వస్తోంది. ఆవిడ వీడియోలు చూశాక, మనం చూపించేది ఎవరికైనా పనికిరావాలి అనిపించింది.

చిన్నా, ఎక్కడున్నావ్ రా? ఇదిగో, ఇక్కడున్నాడు. ఈ షాపులో కుక్కలు ఉంటాయండీ, పనిచేసేవాళ్ళవి, హాయిగా తిరుగుతుంటాయి. మన దగ్గర షాపులోకి కుక్క వస్తే చీపురు తీస్తాం. పిల్లల అరల దగ్గర ఒకటి బారుగా పడుకుని ఉంది, వీడు దాని పక్కన బాసింపట్టు వేసుకుని, ఏదో పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ చదువుతున్నాడు. గట్టిగా. దగ్గరికి వెళ్ళి తీయను, నన్ను చూస్తే ఆపేస్తాడు.

వాడు చదివేలోగా ఇంకో సంగతి. మన ఊళ్ళో ఆపరేషనుంటే చుట్టాలు గుంటూరులో ఎవరో ఒకరింట్లో దిగుతారు కదా, నెల అయినా ఎవరూ ఏమీ అనుకోరు. అమెరికాలో అలా ఉండదని నేను నమ్మాను. ఈవిడ "డచ్ హౌస్" ఆడియోబుక్ టామ్ హాంక్స్ చదివారు. ఆయన దగ్గర పనిచేసే ఒకావిడతో ఈవిడకి పరిచయం, ఎక్కువగా ఈమెయిళ్ళే. ఆవిడకి క్యాన్సర్ తిరగబెట్టింది. ప్యాచెట్ భర్త డాక్టరు, నాష్‌విల్‌లో ఆ జబ్బుకి చికిత్స ట్రయల్ ఒకటి ఉందని కనుక్కుంటే, మా ఇంట్లోనే ఉండండి అన్నారు. కొన్ని రోజులకని వచ్చారు, అది 2020, కరోనా వచ్చిపడింది, నెలల తరబడి వీళ్ళింట్లోనే ఉన్నారు. బొమ్మలు వేసేవారు. ఆవిడ వేసిన కుక్క బొమ్మే ప్యాచెట్ వ్యాసాల పుస్తకం అట్ట మీద ఉంది. ఇదిగో, చూడండి.

నేను "టామ్ లేక్" తీసుకున్నాను, 2023లో వచ్చిన నవల. మిషిగన్‌లో చెర్రీ తోట, కరోనా రోజులు, తల్లి ముగ్గురు కూతుళ్ళతో కాయలు కోస్తూ తన పాత ప్రేమకథ చెప్తుంది. మా ఇంట్లో ఆవకాయకి కాయ తుడుస్తుంటే అమ్మ ఎన్ని కథలు చెప్పేదో. లోపల ఆవిడ సంతకం ఉన్న కాపీ. ధర 30 డాలర్లు. ఇక్కడ ఎంఆర్‌పీలో పన్ను కలవదండీ, బిల్లు దగ్గర వేస్తారు, మా దగ్గర దాదాపు పది శాతం. నాలుగేళ్ళయినా నాకిది అలవాటు కాలేదు. చేతిలో సరిగ్గా లెక్కేసుకుని వెళ్తే కౌంటర్లో ఇంకోటి చెప్తారు. మొత్తం 33 డాలర్లకి కాస్త తక్కువ. మన డబ్బుల్లో దాదాపు 2,800 రూపాయలు.

లెక్క వేశాక కార్డు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. నాన్న షాపు మొత్తానికి వచ్చింది 2,300.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. ఇక్కడ పదకొండున్నర, తెనాలిలో రాత్రి పది. నాన్న పడుకుని ఉంటాడనుకుంటూనే వీడియో కాల్ చేశాను, ఎత్తాడు. షాపు అద్దంలోంచి అరలన్నీ చూపించాను. మొదటి మాట, "అట్టలు వెయ్యరామ్మా వీళ్ళు?" అమ్మే షాపు నాన్నా, అద్దె కాదు అన్నాను. "అయినా వేస్తే మంచిది" అన్నాడు. సంతకం పేజీ చూపిస్తే కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా చూశాడు. చిన్నాగాడు తాతకి కుక్క సంగతంతా చెప్పాడు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు.

తర్వాత నాన్న లేచాడు. ఫోను మంచం మీద పడింది, ఫ్యాన్ కనిపిస్తోంది. బీరువా చప్పుడు. తిరిగొచ్చి, నాకు తెలిసిన ఆ పొడుగు పుస్తకం తెరిచాడు, షాపు రిజిస్టరు. పుస్తకాలన్నీ తూకానికి పోయాయి కానీ అది ఉంచుకున్నాడని నాకు తెలియదు.

"చివరిది 3,112" అన్నాడు. "దీనికి 3,113 వెయ్యి."

నా హ్యాండ్‌బ్యాగులో పెన్ను తీశాను.

"పెన్ను కాదమ్మా, పెన్సిలు. వాడిని వెయ్యమను. పదిహేడో పేజీలో కూడా."