ధ్రువపత్రం ఏ ప్రశ్నకు జవాబు? విద్యుత్ వాహనాలు, చార్జింగ్ పరికరాల భద్రతా పరీక్షలు

సభకు నమస్కారం.

విద్యుత్ వాహనం కొనేవారైనా, చార్జింగ్ కేంద్రం పెట్టేవారైనా, వాటికి బీమా చేసేవారైనా ముందుగా అడిగేది ఒక్కటే: దీనికి సర్టిఫికెట్ ఉందా? ఉందని జవాబు రాగానే మాట అక్కడితో ఆగిపోతుంది. పరీక్షశాలలో పనిచేసేవారికి మాత్రం అసలు సంగతి అక్కడే మొదలవుతుంది. ఏ పరీక్ష చేశారు, ఎన్ని నమూనాలకు చేశారు, ఆ తరువాత ఎంతసేపు గమనించారు, ఏం జరిగితే విఫలమైనట్టు లెక్కగట్టారు అని వారు ఆరా తీస్తారు. ధ్రువపత్రం అన్నది కొన్ని నిర్దిష్టమైన ప్రశ్నలకు ఒక నమూనా చెప్పిన జవాబుల పట్టిక మాత్రమేననీ, ఆ ప్రశ్నలేమిటో తెలియకుండా జవాబును నమ్మడం కుదరదనీ ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

2011లో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ షెవర్లే వోల్ట్ కారును పక్కవాటుగా స్తంభానికి ఢీకొట్టించి పరీక్షించింది. పరీక్ష ముగిశాక కారును ఆవరణలో నిలిపి ఉంచారు. సుమారు 3 వారాల తరువాత ఆ కారు ఎవరూ తాకకుండానే అంటుకుని, పక్కనున్న వాహనాలను కూడా కాల్చింది. దెబ్బకు బ్యాటరీ చిల్లుపడి, దాన్ని చల్లబరిచే ద్రవం కారిందని తరువాత తేలింది. పెట్రోలు కారుకు ఢీకొట్టే పరీక్ష చేశాక ఇంధనాన్ని తీసేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. బ్యాటరీలో మిగిలిపోయిన చార్జి కూడా అలాంటి ఇంధనమేనన్న ఎరుక అప్పటికి ఆచరణలోకి రాలేదు. తయారీదారు బ్యాటరీ చుట్టూ ఉన్న నిర్మాణాన్ని బలపరిచి, ద్రవం మట్టం తగ్గితే తెలిపే సెన్సర్ చేర్చారు. పరీక్షించేవారు కూడా పరీక్ష అయ్యాక బ్యాటరీని ఎలా ఖాళీ చేయాలి, ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి అని ఆలోచించక తప్పలేదు. ఈ రంగంలోని ప్రతి నిబంధన వెనుకా వెతికితే ఇలాంటి ఒక మంటో, ఒక షాకో కనబడుతుంది.

వాహనం విషయానికొస్తే, అనేక దేశాలు అనుసరించే మూల పత్రం ఐక్యరాజ్య సమితి వేదికగా రూపొందిన 100వ నిబంధన. అందులో మొదటి భాగం షాక్ తగలకుండా ఉండటానికి సంబంధించినది. అధిక వోల్టేజీ భాగాలకూ, వాహనపు లోహపు శరీరానికీ మధ్య ఇన్సులేషన్ నిరోధం డీసీ అయితే వోల్టుకు కనీసం 100 ఓమ్‌లు, ఏసీ అయితే వోల్టుకు 500 ఓమ్‌లు ఉండాలంటుంది. 400 వోల్టుల బ్యాటరీకి ఇది 40,000 ఓమ్‌లన్నమాట. ఈ అంకెలు గాలిలోంచి వచ్చినవి కావు. వోల్టుకు 100 ఓమ్‌లు ఉంటే లీకేజీ కరెంటు 10 మిల్లీఆంపియర్లకు, 500 ఓమ్‌లు ఉంటే 2 మిల్లీఆంపియర్లకు మించదు. గుండె లయను చెదరగొట్టడంలో డీసీ కన్నా ఏసీ ప్రమాదకరం కనుక దానికి హద్దు కఠినంగా పెట్టారు. లోహపు భాగాలన్నీ శరీరంతో 0.1 ఓమ్ లోపు నిరోధంతో కలిసి ఉండాలి. మనిషి వేలును పోలిన కొలత కడ్డీని సందుల్లోకి దూర్చినా ప్రమాదకర భాగానికి తగలకూడదు. ప్రయాణికులు కూర్చునే చోట, సామాను పెట్టే చోట వేలితో సరిపెట్టరు. ఒక మిల్లీమీటరు మందం తీగను కూడా దూర్చి చూస్తారు.

బ్యాటరీ ప్యాక్ మీద కుదుపు, వేడిచలి మార్పులు, నలిపివేత, షార్ట్ సర్క్యూట్, అతి చార్జింగ్, అతి డిశ్చార్జి వంటి పరీక్షలు వరుసగా ఉంటాయి. వాటన్నిటినీ వివరించను. మంటల పరీక్షను మాత్రం కాస్త నిదానంగా చూద్దాం. పళ్లెంలో ఇంధనం పోసి, అంటించి, 60 సెకన్ల పాటు మంటను నిలకడ పడనిస్తారు. తరువాత బ్యాటరీని 70 సెకన్లు నేరుగా మంటపైన ఉంచి, మరో 60 సెకన్లు మంటకు ఇటుకల తెర అడ్డుపెట్టి కొనసాగిస్తారు. బ్యాటరీ పేలకూడదన్నది షరతు. వినగానే ఇది బ్యాటరీ మండుతుందా లేదా అని తేల్చే పరీక్ష అనిపిస్తుంది. నిజానికి ఇది అడిగే ప్రశ్న వేరు: రోడ్డు మీద వాహనం కింద ఒలికిన ఇంధనం అంటుకుంటే, లోపలివారు దిగిపోయేంత వరకు బ్యాటరీ పేలకుండా నిలుస్తుందా? అందుకే బ్యాటరీ అడుగుభాగం నేలకు ఒకటిన్నర మీటర్లకన్నా ఎత్తులో అమర్చి ఉంటే ఈ పరీక్ష అవసరం లేదని అదే నిబంధన మినహాయిస్తుంది. పైకప్పు మీద బ్యాటరీ ఉన్న బస్సు ధ్రువపత్రంలో ఈ పరీక్ష కనబడకపోతే అది మోసం కాదు. కానీ ఆ బస్సు బ్యాటరీ మంటను తట్టుకుంటుందని ఆ పత్రం చెబుతోందని అనుకుంటే అది మన పొరపాటే.

బయటి మంట ఒక ఎత్తు, లోపలి మంట మరో ఎత్తు. బ్యాటరీ ప్యాక్‌లోని ఒక్కో లిథియం అయాన్ సెల్‌లో ఉష్ణోగ్రత సుమారు వంద డిగ్రీల సెల్సియస్ దరికి చేరేసరికే ఆనోడ్ అనే రుణ ఎలక్ట్రోడ్ మీది రక్షణ పొర విడిపోవడం మొదలవుతుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర, ఎలక్ట్రోడ్లను విడిగా ఉంచే పాలిథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. రెండు ఎలక్ట్రోడ్లు తగులుకుంటాయి. ఆపైన రసాయన చర్యలే వేడిని పుట్టిస్తూ, ఆ వేడితో మరింత వేగం పుంజుకుంటాయి. దీన్నే థర్మల్ రనవే అంటున్నాం. ఒక్క సెల్ కాలిపోవడాన్ని నివారించలేకపోయినా, అది పక్క సెల్‌కు అంటుకోకుండా, కనీసం ఆలస్యంగా అంటుకునేలా చేయవచ్చు. 100వ నిబంధన మూడో సవరణల శ్రేణిలో చేరిన షరతు ఇదే: ఒక సెల్‌లో అంతర్గత షార్ట్ వల్ల మొదలైన వ్యాప్తి ప్రయాణికుల గదిలో ప్రమాద పరిస్థితి కల్పించడానికి కనీసం 5 నిమిషాల ముందు హెచ్చరిక అందాలి. చైనా 2025లో సవరించిన జీబీ 38031 ప్రమాణం ఇంకా ముందుకు వెళ్లి, మంటా పేలుడూ అసలు రాకూడదని షరతు పెట్టింది. కొత్త నమూనాలకు అది 2026 జూలై నుంచి వర్తిస్తుంది. ఈ రెండింటికీ మధ్య తేడా ఇంజనీరుకు చాలా పెద్దది. 5 నిమిషాల హెచ్చరిక దిగి పరుగెత్తగలవారికి సరిపోతుంది. నిద్రలో ఉన్నవారి ఇంటి కింద నిలిపి ఉంచిన వాహనానికి ఆ హెచ్చరిక ఎవరికి వినబడుతుంది?

అసలు చిక్కు పరీక్ష చేసే పద్ధతిలో ఉంది. నిజ జీవితంలో అంతర్గత షార్ట్ తయారీ లోపం వల్లో, లిథియం సూదుల్లా పేరుకోవడం వల్లో, మూసి ఉన్న సెల్ లోపల నెమ్మదిగా పుడుతుంది. పరీక్షశాలలో దాన్ని ఆజ్ఞాపించి పుట్టించాలి. సెల్‌కు హీటర్ అంటించి వేడిచేస్తే ఆ వేడి పక్క సెల్‌కు కూడా పాకి, దాన్ని ముందే సిద్ధం చేసినట్టవుతుంది. మేకు దించితే పెట్టెకు రంధ్రం పడి, వాయువులు ఆ దారిన బయటపడతాయి. అసలు ప్రమాదంలో ఆ దారి ఉండదు. అతి చార్జింగ్ చేస్తే సెల్‌లో ఉండవలసినదానికన్నా ఎక్కువ శక్తి చేరుతుంది. ఒకే బ్యాటరీ ఒక పద్ధతిలో గెలిచి మరో పద్ధతిలో ఓడిపోవచ్చు. కాబట్టి "వ్యాప్తి పరీక్షలో నెగ్గింది" అన్న మాట వెంట ఏ పద్ధతిలో, ఏ స్థానంలో ఉన్న సెల్‌ను ఎంచుకుని అన్న వివరం లేకపోతే ఆ నివేదికను నేను సగమే చదివినట్టు లెక్కిస్తాను.

ఇన్ని పరీక్షలూ నెగ్గినా, నెగ్గింది డిజైనే తప్ప మీ చేతికొచ్చిన వాహనం కాదు. 2021లో జనరల్ మోటార్స్ షెవర్లే బోల్ట్ కార్లన్నిటినీ వెనక్కి పిలిపించింది. చిరిగిన ఆనోడ్ ట్యాబ్, మడతపడిన సెపరేటర్ అనే రెండు తయారీ లోపాలు ఒకే సెల్‌లో కలిసినప్పుడు మంటలు రేగాయని తేలింది. డిజైను పరీక్షల్లో ఎన్ని నమూనాలు నెగ్గినా, అరుదుగా కలిసే ఆ రెండు లోపాలు వాటిలో బయటపడే అవకాశం దాదాపు లేదు. యూరప్‌లో అమలయ్యే టైప్ అప్రూవల్ విధానం, అంటే అమ్మకానికి ముందే అధికారులు నమూనాను ఆమోదించే పద్ధతి, ఈ ఖాళీని పూరించడానికి ఉత్పత్తి అనురూపత తనిఖీలను పెట్టుకుంది. ఫ్యాక్టరీ తన ప్రక్రియను అదుపులో ఉంచుకుంటోందా అని అధికారులు మధ్యమధ్య చూస్తారు. అమెరికాలో వాహనాలకు తయారీదారే స్వయంగా ధ్రువీకరించుకుంటాడు. ప్రభుత్వ సంస్థ మార్కెట్లో వాహనాలు కొని పరీక్షించి, తేడా వస్తే నిలదీస్తుంది. ఏ పద్ధతి మేలన్న వాదనలో నేను ఏ ఒక్క పక్షానా నిలబడను. కానీ మొదటిదానిలో ఫ్యాక్టరీ తనిఖీలూ, రెండోదానిలో మార్కెట్ కొనుగోళ్లూ నామమాత్రంగా జరిగితే రెండూ కాగితాలుగానే మిగులుతాయి.

ఇక చార్జింగ్ పరికరాలు. చార్జింగ్ పరికరాలకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ పెట్టిన ఐఈసీ 61851 ప్రమాణంలో నాకు అన్నిటికన్నా నచ్చేది కంట్రోల్ పైలట్ అనే సన్నటి తీగ. చార్జింగ్ గన్ పెట్టగానే కరెంటు పారదు. స్టేషన్ ఆ తీగ మీద 12 వోల్టుల సంకేతం పంపుతుంది. వాహనం తగులుకోగానే దానిలోని నిరోధకం ఆ వోల్టేజీని 9కి దించుతుంది. చార్జింగ్‌కు సిద్ధమని చెప్పడానికి వాహనమే దాన్ని 6కి దించుతుంది. అప్పుడే స్టేషన్ కాంటాక్టర్ అనే విద్యుత్ స్విచ్‌ను మూసి కరెంటు ఇస్తుంది. సెకనుకు వెయ్యి సార్లు ఆడే ఈ సంకేతపు డ్యూటీ సైకిల్‌తో, అంటే ప్రతిసారీ అది పై స్థాయిలో ఉండే కాలపు శాతంతో, ఎంత కరెంటు తీసుకోవచ్చో కూడా చెబుతుంది: 10 శాతమైతే 6 ఆంపియర్లు, 50 శాతమైతే 30. ఇందులో అసలు తెలివి ఏమిటంటే, ఈ సంకేతం తిరిగి వచ్చే దారి ఎర్త్ తీగే. ఎర్త్ తెగిపోతే సంకేతమూ తెగుతుంది, కాంటాక్టర్ తెరుచుకుంటుంది. విడిగా ఎర్త్‌ను కాపలా కాసే పరికరం పెట్టనక్కర్లేదు. పరీక్షశాలలో చార్జింగ్ నడుస్తుండగా ఈ తీగను కావాలని తెంచి, 100 మిల్లీసెకన్లలో కరెంటు ఆగిందా అని కొలుస్తారు. కాంటాక్టర్ మొనలు అతుక్కుపోయినట్టు చేసి, స్టేషన్ దాన్ని గుర్తించిందా అనీ చూస్తారు.

లీకేజీ విషయంలో ఒక సూక్ష్మం ఉంది. లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్‌ను ఆర్‌సీడీ అంటారు. ఇళ్లలో వాడే ఏ-రకం ఆర్‌సీడీ 30 మిల్లీఆంపియర్ల ఏసీ లీకేజీకి ట్రిప్ అవుతుంది. వాహనంలోని ఆన్‌బోర్డ్ చార్జర్ చెడితే లీకేజీలో డీసీ కలవవచ్చు. ఆ డీసీ ఆర్‌సీడీలోని అయస్కాంత కోర్‌ను సంతృప్తం చేసి దాన్ని గుడ్డిదాన్ని చేస్తుంది. ఆ తరువాత అదే లైను మీద మనిషికి నిజంగా షాక్ తగిలినా అది కదలకపోవచ్చు. అందుకే 6 మిల్లీఆంపియర్ల డీసీని పసిగట్టి కరెంటు ఆపే ఏర్పాటు లేదా డీసీని కూడా పట్టే బీ-రకం ఆర్‌సీడీ ఉండాలంటారు. చవకగా దొరికే కొన్ని చార్జర్లలో ఖర్చు తగ్గించడానికి మొదట తీసేసేది ఈ భాగమే, ఎందుకంటే అది లేకపోయినా వాహనం చక్కగా చార్జి అవుతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. ధ్రువీకరణ రోజున బ్యాటరీని అదుపు చేసే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఉన్న చార్జింగ్ హద్దులు రేపటి అప్‌డేట్‌తో మారిపోవచ్చు. 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్య సమితి 156వ నిబంధన అందుకే ప్రతి అప్‌డేట్ ధ్రువీకరించిన అంశాలను తాకుతోందా అని తయారీదారు ముందే పరిశీలించి, రికార్డు చేయాలంటుంది.

చివరగా, చార్జర్ ధ్రువపత్రం చార్జర్‌తోనే ఆగిపోతుంది. గోడ వెనుక తీగ మందం, ఎర్త్ గుంత పరిస్థితి, సాకెట్‌లో వదులైన స్క్రూ ఏ పరీక్షశాలకూ రావు. ఇస్త్రీ పెట్టె కాసేపు వాడి ఆపుతాం కనుక వదులు సాకెట్ బయటపడదు. వాహనం మాత్రం గంటల తరబడి ఎడతెగకుండా కరెంటు లాగుతుంది, వదులు మొన దగ్గర వేడి పేరుకుంటూ పోతుంది. మామూలు సాకెట్‌కు పెట్టే కేబుళ్లలో ప్లగ్ లోపలే ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టడం ఇందుకే. స్థాపన పూర్తయ్యాక ఇన్సులేషన్, ఎర్త్ నిరోధం, ఆర్‌సీడీ ట్రిప్ అయ్యే సమయం కొలిచి, ఆ అంకెలను సంతకంతో రాసివ్వమని స్థాపించినవారిని అడగండి.