గోడ ఎండకముందు రంగు వేయకండి, నేను వేసి చూశాను

అందరికీ నమస్తే. ఇరవై ఆరేళ్ళుగా హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఇళ్ళకు రంగులేస్తున్న మనిషిని. నిచ్చెన ఎక్కడం అలవాటు గానీ మైకు పట్టుకోవడం అలవాటు లేదు. "వరద తర్వాత గోడలకు పట్టిన బూజు సంగతి నువ్వే చెప్పాలె" అని కమిటీ పెద్దలు పట్టుబడితే వచ్చాను. తప్పులుంటే కడుపులో పెట్టుకోండి.

అసలు మాట దగ్గరే మనకు చిక్కు ఉంది. మూలన వేలాడే సాలెగూడు బూజే, పచ్చడి మీద తెల్లగా పట్టేదీ బూజే, గోడ మీది నల్ల మచ్చలూ బూజే. అందుకే చాలామంది ఆ మచ్చల మీద కూడా బూజు కర్రతో దులుపుతారు. సాలెగూడైతే పోతుంది. ఇది మాత్రం పచ్చడి మీది రకం, ఫంగస్. పొడిగా ఉన్నప్పుడు దులిపితే దాని విత్తనాల్లాంటివి గాల్లోకి లేచి మన ముక్కులోకీ, పక్క గదిలోకీ పోతాయి, అక్కడ చెమ్మ దొరికితే మళ్ళీ మొలుస్తాయి. అంటే మన చేత్తో మనమే విత్తనం చల్లినట్టు.

ఇక నా తప్పు చెప్తాను. 2023 జులై ఆఖర్లో వానలు గుర్తున్నాయి కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కొట్టింది, మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది, మన దగ్గర నాలాలు పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి, ఆ తర్వాత భద్రకాళి చెరువు కట్టకూ గండి పడింది. అప్పుడు నడుము లోతు నీళ్ళు నిలిచిన ఒక ఇంట్లో నెల తిరగకముందే రంగు వేశాను. వాళ్ళమ్మాయికి పూలు పండ్లు పెట్టుకున్నారు, చుట్టాలొస్తారని తొందర. నాకూ పని లేదు, డబ్బులు కావాలి. చేత్తో తడిమితే గోడ ఆరినట్టే అనిపించింది. పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, ఖరీదైన ఎమల్షన్ రెండు కోట్లు వేశా, అద్దంలా మెరిసింది. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి కింద నుంచి పొక్కులు లేచాయి, పొక్కు గిల్లితే లోపలంతా నలుపు. "గిదేం పనయ్యా?" అని ఆ అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అంతా గీకి మళ్ళీ వేసిచ్చాను, కూలీ తీసుకోలేదు.

ఎందుకైందో తర్వాత అర్థమైంది. ఇటుక గోడ దీపం ఒత్తి లాంటిది. ఒత్తి నూనెను పైకి గుంజినట్టు గోడ నీళ్ళను పైకి గుంజుతుంది, అందుకే వరద గీత రెండడుగుల దగ్గరుంటే చెమ్మ మూడడుగుల దాకా ఎక్కుతుంది. పై పొర ఎండ తగిలి ముందుగా ఆరిపోతుంది, లోపలి నీళ్ళు లోపలే ఉంటాయి. ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెప్తారు, గోడ మందంలో అంగుళానికి ఒక నెల అని. 9 అంగుళాల గోడకు రెండు వైపులా గాలి తగిలితే కొంచెం తొందరగా ఆరొచ్చు, కానీ వారం పది రోజుల్లో మాత్రం కాదు. దాని మీద ఎమల్షన్ వేస్తే ప్లాస్టిక్ కవర్ తొడిగినట్టే, నీళ్ళు బయటికి రాలేక లోపల బూజును పెంచుతాయి.

చేతిని నమ్మకండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు మందపాటి ప్లాస్టిక్ కవర్ తీసుకుని నాలుగు వైపులా గాలి పోకుండా టేపుతో గోడకు అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు, రంగు డబ్బా కొనకండి.

ఇంకొకటి, తెల్లగా పిండిలా లేచిందల్లా బూజు కాదు. చాలాసార్లు అది ఇటుకలోని ఉప్పు. చుక్క నీళ్ళు పెడితే కరిగిపోతే ఉప్పే, పొడి బ్రష్‌తో తీసేయొచ్చు. నూగుగా ఉండి, నల్లగానో పచ్చగానో తిరిగి, ముక్కిపోయిన వాసన కొడితే బూజు.

కడిగే ముందు కరెంటు సంగతి. నీళ్ళలో మునిగిన స్విచ్ బోర్డును ఎలక్ట్రీషియన్ చూడకుండా ముట్టుకోవద్దు. తర్వాత ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి. నేను ఇరవై ఏళ్ళు మూతికి రుమాలు కట్టుకునే గీకాను, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, దేనివల్లనో డాక్టరుకే తెలియాలి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఆ పూట పక్కింట్లో ఉంచండి, ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పనికే దిగొద్దు. మూడడుగులకు మూడడుగుల మచ్చ వరకైతే మీరే చేసుకోవచ్చు, గోడంతా పట్టితే పనివాళ్ళను పిలవండి.

ముందు సర్ఫ్ నీళ్ళు కొట్టి గోడను తడపండి, అప్పుడు దుమ్ము లేవదు. తర్వాత బ్రష్‌తో రుద్ది గుడ్డతో తుడవండి. పొక్కిన రంగు, మెత్తబడ్డ పుట్టీ సిమెంటు దాకా గీకేయాలి, వరద గీతకు అడుగు పైదాకా. గీకిన చెత్తను గోనెసంచిలో కాదు, మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో బయటికి తీసుకుపోవాలి. పీఓపీ సీలింగ్ తడిసి బూజు పట్టితే ఆశ వదులుకోండి, తడిసి ఉబ్బిన పార్టికల్ బోర్డు అల్మారా కూడా అంతే.

బ్లీచింగ్ గురించి అందరూ అడుగుతారు. టైల్స్ మీదైతే పని చేస్తుంది, ఒక గ్లాసు లిక్విడ్ బ్లీచ్‌కు పదహారు గ్లాసుల నీళ్ళు చాలు. సిమెంటు గోడ మీద పైన తెల్లబడుతుంది, లోపలి పోగులు అట్లే ఉంటాయి. మరకపోయిందని మనం సంబరపడతాం, నెల తర్వాత అదే చోట మళ్ళీ లేస్తుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ కలపొద్దు. "రెండూ కలిపితే ఇంకా ఘాటు కదా" అనుకుంటారు, నిజమే, వచ్చే ఘాటు క్లోరిన్ గ్యాస్, తలుపులు మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

కడిగాక ఎండబెట్టడం. మనకు ప్రతి ఇంట్లో కూలర్ ఉంటుంది, నీళ్ళు పోయకుండా ఒట్టి ఫ్యాన్ తిప్పి గోడ వైపు పెట్టండి. అయితే బూజు కడగకముందు పెట్టొద్దు, గదంతా చల్లుతుంది. ముసురు పట్టిన రోజు కిటికీలు తెరిస్తే లాభం లేదు, బయటి గాలే తడిగా ఉంటుంది. ఎండ కాసినప్పుడు తెరవండి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి, దాని వెనకాల గాలాడకే సగం బూజు పుడుతుంది.

ఆరిన తర్వాత కింది మూడు నాలుగడుగులకు నా సలహా పాత సున్నమే. చవకని నవ్వకండి. సున్నానికి ఉన్న క్షారం బూజుకు పడదు, పైగా గోడ ఊపిరి పీల్చుకుంటుంది. చేతికి అంటుకుంటుందని మా ఆవిడ కూడా తిడుతుంది, అయినా మా ఇంట్లో అదే వేశాను.

మన భాషలో గోడకు పట్టే చెమ్మనూ నెమ్మే అంటాం, పసిపిల్లల ఛాతీలో చేరేదాన్నీ నెమ్మే అంటాం. గోడ నెమ్ము వల్లే పిల్లకు నెమ్ము రాదు, అది క్రిముల జబ్బు, కానీ చెమ్మ ఇళ్ళలో దగ్గు, పిల్లికూతలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. అట్లని 2021లో కరోనా వేళ భయపెట్టిన బ్లాక్ ఫంగస్ ఇదేనేమో అని టెన్షన్ పడొద్దు. నల్లగా ఉన్నంత మాత్రాన గోడ మీదిది అది కాదు.

ప్లాస్టిక్ కవర్లు ఒక కట్ట తెచ్చాను, పోయేటప్పుడు ఇంటికొకటి తీసుకోండి. టేపు మాత్రం మీరే కొనుక్కోండి. ఆదివారం పొద్దున వచ్చి ఎవరి కవర్‌లో ఎన్ని చుక్కలున్నాయో చూసిపోతాను.