ఎండాకాలంలో వర్ట్ చల్లార్చడం: ఐస్ ఎప్పుడు వాడాలి?

నమస్కారం అండీ. గంటసేపు మరిగింది, ఇప్పుడే బర్నర్ ఆపాను. ఈ కెటిల్‌లో ఐదు గ్యాలన్ల వర్ట్ ఉంది, అంటే సుమారు 19 లీటర్లు. వర్ట్ అంటే మాల్ట్ నుంచి తీసిన తియ్యటి రసం, ఈస్ట్ వేస్తే ఇదే పులిసి బీరు అవుతుంది. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అంటే చేదు కోసం వేసే పూలు, వాటి సంగతి పోయిన వీడియోలో చూశాం. ఇవాళ చల్లార్చడం ఒక్కటే.

పెరుగు తోడు పెట్టేటప్పుడు మరిగే పాలలో తోడు వెయ్యం కదా, ఇదీ అంతే. ఏల్ అనే రకం బీరుకి వాడే ఈ ఈస్ట్ వెయ్యాలంటే వర్ట్ 20 డిగ్రీలకి రావాలి, అదీ త్వరగా రావాలి. మూత పెట్టకండి. లేత రంగు మాల్ట్ వర్ట్ వేడిగా ఉన్నంతసేపూ డీఎంఎస్ అనే పదార్థం పుడుతూ ఉంటుంది, ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తుంది. అది ఆవిరితో పోవాలి.

ఇదిగో చిల్లర్, 25 అడుగుల రాగి గొట్టం చుట్ట. మరుగు ఇంకా 15 నిమిషాలు ఉందనగా లోపల దించేశాను, ఆ వేడికి అదే శుభ్రమైపోతుంది. గార్డెన్ హోస్ తగిలించాం, ట్యాప్ తిప్పాం, అంతే. ఈ జాయింట్ మాత్రం కెటిల్ బయటే ఉండాలి, కారితే వర్ట్‌లో పడకూడదు. మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, జాగ్రత్త. బకెట్‌లో పట్టుకోండి, తర్వాత సామాన్లు కడగడానికి పనికొస్తాయి.

ఇప్పుడు కలపాలి. చూడండి, ఊరికే వదిలేస్తే బయటికొచ్చే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. గరిటెతో కలిపాను... ఇదిగో, మళ్లీ పొగలు! అంటే వేడి బయటికి వస్తోంది. కలుపుతూనే ఉండండి. కొంతమంది ప్లేట్ చిల్లర్ వాడతారు, అది ఇంకా త్వరగా చల్లారుస్తుంది. కానీ లోపల హాప్స్ ముక్కలు ఇరుక్కుంటే కడగడం కష్టం, అందుకే నాకు ఈ రాగి చుట్టే ఇష్టం.

ఇక్కడ కాస్త ఆగండి, అసలు విషయం ఇదే. మేముండేది డాలస్‌లో. ఆగస్టులో మా ట్యాప్ నీళ్లే 30 డిగ్రీలు ఉంటాయి. నీళ్లు 30 అయితే వర్ట్ 30 కంటే కిందికి ఎలా దిగుతుంది? దిగదు. మొదటి ఎండాకాలం గంట నిలబడ్డాను, 32 దగ్గర ఆగిపోయింది. అలాగే ఈస్ట్ వేసేశాను. ఆ బీరు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వచ్చింది, మొత్తం పారబోశాను. తర్వాతి సారి మొదటి నిమిషం నుంచే ఐస్ నీళ్లు పంపించాను. సగం పని కాకముందే ఐస్ అంతా కరిగిపోయింది.

అందుకని ఐస్‌ని ఆఖరికి దాచుకోండి. 100 నుంచి 40 దాకా ట్యాప్ నీళ్లే చాలు. థర్మామీటర్ చూడండి, 40. ఇప్పుడు ట్యాప్ కట్టేసి, హోస్ తీసేసి, ఈ చిన్న ఫౌంటెన్ పంప్‌కి తగిలిస్తున్నాను. పంప్‌ని ఐస్ నీళ్ల బకెట్‌లో పెట్టాను, పది పౌన్ల బ్యాగులు రెండు. మొదట వచ్చే వేడి నీళ్లు బయటికి వదిలెయ్యండి, ఆ తర్వాత గొట్టం రెండో కొసని ఇదే బకెట్‌లోకి తిప్పండి. అవే నీళ్లు తిరుగుతూ ఉంటాయి. ఐస్ కొనే బదులు ఖాళీ పాల క్యాన్లలో నీళ్లు పోసి, ముందు రోజుల్లోనే ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. నేను ఎక్కువగా అదే చేస్తాను. ఐస్‌ని నేరుగా వర్ట్‌లో మాత్రం వెయ్యకండి, అందులో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో తెలియదు.

ఇంకొకటి. మరిగే వేడిలో ఉన్నప్పుడు టెన్షన్ లేదు. 60 కిందికి దిగిందంటే గరిటె అయినా, థర్మామీటర్ అయినా, క్రిములని చంపే స్టార్ శాన్‌లో ముంచాకే లోపలికి వెళ్లాలి. ఐదు గ్యాలన్ల నీళ్లకి ఒక ఔన్స్. నురగ మిగిలినా ఏం కాదు, కడగొద్దు.

19 వచ్చేసింది. పంప్ ఆపాను, చిల్లర్ తీశాను. పాలు విరిగినట్టు ముక్కలు కనిపిస్తున్నాయి కదా? పాడవలేదండీ, అవి మాల్ట్‌లోని ప్రొటీన్లు. త్వరగా చల్లారిస్తే ఇలా విడిపోయి అడుగుకి దిగుతాయి, బీరు తేటగా వస్తుంది. బీరు పులిసే పాత్ర, అంటే ఫర్మెంటర్‌లోకి ఎత్తు నుంచి పోస్తున్నాను, ఈస్ట్‌కి గాలి అందాలి. వేడిగా ఉన్నప్పుడు ఇలా పోయకండి, చల్లారాకే. ఇక ఈస్ట్ ప్యాకెట్ కట్ చేస్తున్నాను...