శాతం పెరిగింది, సరుకు కదిలిందా?

శ్రోతలకు నమస్కారం. మాంద్యం నుంచి దేశం తేరుకుంటోందని చెప్పడానికి ముందుగా చూపించేది వృద్ధి శాతం. ఎక్కువగా మోసం చేసేదీ అదే. 2020 ఏప్రిల్-జూన్‌లో మన స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ) అంతకుముందు ఏడాదికన్నా 24.4 శాతం పడిపోయింది. మరుసటి ఏడాది అదే మూడు నెలల్లో 20.1 శాతం పెరిగింది. పోయిందంతా వచ్చేసిందనుకున్నారు చాలామంది. రూపాయల్లో చూడండి. 2011-12 ధరల ప్రకారం ఆ మూడు నెలల విలువ 2019లో 35.66 లక్షల కోట్లు, 2020లో 26.95, 2021లో 32.38. అంత పెరిగాక కూడా రెండేళ్ల కిందటికన్నా 3 లక్షల కోట్లకు పైగా తక్కువే. అందుకే శాతం వినగానే, దేని మీద అని అడగాలి.

అసలు చిక్కు వేరే ఉంది. గిరాకీ తిరిగొచ్చే వేళకు చిన్న పరిశ్రమ చేతిలో డబ్బుండదు. హైదరాబాద్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో రేకును ప్రెస్సులో నొక్కి విడిభాగాలు చేసే షెడ్డు ఒకటి తీసుకోండి. ఇనుప రేకు రొక్కం పెట్టి కొనాలి, కూలి వారం వారం ఇవ్వాలి, బిల్లు డబ్బు మాత్రం రెండు మూడు నెలలకు గానీ రాదు. ఈ మధ్యకాలాన్ని గట్టెక్కించేది బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే పరిమితి దాకా కావలసినప్పుడు తీసి వాడుకునే అప్పు. సరుకెంత, రావలసిన బిల్లులెన్ని అని నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే ఎంత వాడుకోవచ్చో, లెక్కగడుతుంది. సరుకు 8 లక్షలు, అందులో అరువు తెచ్చింది 2 లక్షలు, రావలసిన బిల్లులు 12 లక్షలు అనుకుందాం. అరువు తీసేసి, బిల్లులు కలిపితే 18 లక్షలు. యజమాని సొంత వాటాగా బ్యాంకు మినహాయించే 25 శాతం మార్జిన్ పోగా 13 లక్షల 50 వేలు వాడుకోవచ్చు.

మాంద్యం వచ్చింది, సరుకు కొన్న పార్టీలు డబ్బు ఆపాయి. 90 రోజులు దాటిన బిల్లును సాధారణంగా బ్యాంకు లెక్కలోకే తీసుకోదు. 12 లక్షల్లో 7 లక్షల బిల్లులు పాతబడి, సరుకు 5 లక్షలకు దిగితే, అరువు పోను మిగిలేది 8 లక్షలు. మార్జిన్ తీస్తే 6 లక్షలు. సరిగ్గా అప్పుడే ఆర్డర్ వస్తుంది. రేకు కొందామంటే సగం డబ్బు కూడా లేదు.

2020 మేలో కేంద్రం తెచ్చిన అత్యవసర రుణ హామీ పథకం ఈ ముడి విప్పడానికే. ఆ ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం అదనపు అప్పు, కొత్త తాకట్టు లేకుండా. బ్యాంకు వడ్డీ 9.25 శాతం మించకూడదన్నారు. మొదటి ఏడాది అసలు సొమ్ము కట్టక్కర్లేదు, తర్వాత మూడేళ్లలో తీర్చాలన్నారు. మంచి పథకమే, కాదనలేం. కాకపోతే అప్పటికే బ్యాంకు అప్పున్నవాడికే దక్కింది. చేబదుళ్లతో, చిట్టీలతో నెట్టుకొచ్చేవాడికి సున్నాలో 20 శాతం ఏం వస్తుంది?

పెట్టుబడి ఇంకా ఆలస్యం. రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతానికి దించింది గానీ, 2020 ఏప్రిల్-జూన్‌లో ఫ్యాక్టరీల సామర్థ్య వినియోగం 47.3 శాతమే. ఉన్న యంత్రాల్లో సగం ఊరికే నిలబడితే, వడ్డీ ఎంత చవకైనా కొత్తది ఎవరు కొంటారు? అది 75 దాటడానికి 2022 జనవరి-మార్చి దాకా పట్టింది.

ఉద్యోగాలు అన్నిటికన్నా వెనక. అమెరికాలో 2009 జూన్‌తో మాంద్యం ముగిసింది; నిరుద్యోగం 10 శాతానికి చేరింది మాత్రం అక్టోబరులో. యజమాని ముందు ఉన్నవాళ్లచేతే ఓవర్‌టైం చేయిస్తాడు, తర్వాత రోజుకూలీని పిలుస్తాడు, పేరోల్‌లోకి తీసుకునేది ఆఖర్న. మనకైతే లాక్‌డౌన్‌లో పనివాళ్లే ఊళ్లకు వెళ్లిపోయారు. వలస కూలీలను ఇళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు దేశంలో 2020 మే 1న హైదరాబాద్ పక్కనున్న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు బయల్దేరింది. వెళ్లినవాళ్ల సంగతి ఉపాధి హామీ పద్దుల్లో కొంత కనిపిస్తుంది. 2019-20లో 265 కోట్ల పనిదినాలు, మరుసటి ఏడాది 389 కోట్లు. జీడీపీ లేచి కూర్చుందన్న 2021-22లో కూడా 360 కోట్లు దాటాయి. పట్నంలో పని దొరికితే ఎండలో మట్టి తవ్వడానికి ఇంతమంది ఎందుకు వెళ్తారు?

చిన్న పరిశ్రమలు నడిపేవాళ్లకు ఒక మాట. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు, సరుకు పంపకముందే చేయించుకోండి. 2006 చట్టం ప్రకారం, ఒప్పందం ఏం రాసుకున్నా, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పార్టీ చేజారుతుందన్న భయముంటే, బిల్లులను ఆన్‌లైన్‌లో బ్యాంకులకు చూపించే ట్రెడ్స్ వేదికలో బిల్లును డిస్కౌంట్ చేసుకుని, అంటే కొంత తగ్గించుకుని, ముందే డబ్బు తీసుకోవచ్చు. అయితే కొన్నవాళ్లు కూడా అందులో చేరి ఆ బిల్లును ఆమోదించాలి. ఆ సంగతి ఆర్డర్ మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి, సరుకు గేటు దాటాక కాదు.